నెట్ కనెక్షన్ ఎంపికలో వేగం కన్నా అవసరమే మిన్న

అమలాపురం: ఇంటికి టెలిఫోను రావాలంటే దరఖాస్తు పెట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులు కోనసీమలోని పెద్దలకు ఇంకా జ్ఞాపకమే. నేడు పరిస్థితి తారుమారైంది. ఊరి నడిబొడ్డున ఒకే విద్యుత్ స్తంభానికి మూడు నాలుగు సంస్థల ఫైబర్ తీగలు వేలాడుతున్నాయి. వందల ఎంబీపీఎస్ వేగమంటూ గోడల మీద ప్రకటనలు పోటీ పడుతున్నాయి. కనెక్షన్ దొరకడం సులభమైంది. ఏ కనెక్షన్ తీసుకోవాలన్నదే కష్టమైంది.

ఈ ప్రశ్నకు చాలా ఇళ్లలో దొరికే సమాధానం ఒక్కటే. పక్కింటివారు ఏది పెట్టించుకుంటే అదే. లేదంటే ఏది తక్కువ ధరకు వస్తే అది. తీరా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు వెబ్ ఆప్షన్లు పెట్టుకునే గడువు ముగిసే రోజునో, హైదరాబాద్ కంపెనీలో ఇంటి నుంచి పనిచేస్తున్న కుర్రవాడికి ముఖ్యమైన సమావేశం ఉన్న వేళనో లైన్ తెగిపోతుంది. ఫోన్ చేస్తే ఎత్తేవారుండరు. అప్పుడు గాని వేగం వేరు, సేవ వేరు అన్న సంగతి అర్థం కాదు. కాబట్టి ధర, వాడకం, మరమ్మతు అనే మూడింటినీ కలిపి తూచుకున్నాకే సంతకం పెట్టడం మేలు.

నాడు రాత్రి రెండింటికి.. నేడు రోజంతా

దేశంలో బ్రాడ్‌బ్యాండ్‌కు తొలి విధానం 2004 అక్టోబరులో వచ్చింది. సెకనుకు 256 కిలోబిట్ల వేగముంటే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్‌గా పరిగణించారు. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ పేరుతో సేవలు ఆరంభించింది. ల్యాండ్‌లైన్ రాగి తీగ మీదనే నెట్ వచ్చేది. ఎక్స్ఛేంజికి దగ్గరగా ఉన్న ఇంటికి ఒక వేగం, ఊరి చివరి ఇంటికి మరో వేగం ఉండేది. నెలకు ఇన్ని ఎంబీలని కోటా ఉండేది. అది దాటితే బిల్లు గుండె గుభేలుమనిపించేది. కొన్ని పథకాల్లో రాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 గంటల వరకు అపరిమిత వాడకానికి అవకాశం ఇవ్వడంతో, అలారం పెట్టుకుని అర్ధరాత్రి లేచి డౌన్‌లోడ్లు పెట్టుకున్న విద్యార్థులు ఎందరో ఉన్నారు.

బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం 2013లో 512 కిలోబిట్లకు, 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్‌కు పెరిగింది. ఈ మధ్యకాలంలోనే కోనసీమకు ఒక విశిష్టత దక్కింది. రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్ గ్రిడ్‌ను 2016 డిసెంబరులో తొలుత ఆరంభించింది రాజోలు ప్రాంతంలోని మోరి గ్రామంలోనే. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. నెలకు రూ.149కి ఫోను, 250 చానళ్లు, 5 జీబీ వరకు 15 ఎంబీపీఎస్ వేగంతో నెట్ అన్నది అప్పటి ప్రాథమిక పథకం. విద్యుత్ స్తంభాల మీదుగా తీగలు లాగడం వల్ల ఖర్చు తగ్గి, ఆ ధర సాధ్యమైంది.

ఆ 5 జీబీ నేటి లెక్కలో ఎంత? టీవీలో హెచ్‌డీ సినిమా రెండు గంటలు చూస్తే అయిపోయేంత. పదేళ్లలో ఇంటి అవసరం ఎంతగా మారిందో చెప్పడానికి ఈ ఒక్క పోలిక చాలు. 2019 సెప్టెంబరులో జియో ఫైబర్ వాణిజ్యపరంగా రంగంలోకి దిగింది. 2020 సెప్టెంబరులో రూ.399కి 30 ఎంబీపీఎస్ పథకాన్ని అందుబాటులోకి తెచ్చింది. ఎయిర్‌టెల్ రూ.499కి 40 ఎంబీపీఎస్, ఆ వెంటనే బీఎస్‌ఎన్‌ఎల్ రూ.449కి 30 ఎంబీపీఎస్ పథకాలతో ముందుకు వచ్చాయి. ఆనాటి నుంచి పోటీ పల్లెలకూ పాకింది. ఈ ధరలు, పథకాలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి గనుక, తీసుకునే రోజున అసలు పట్టికను చూసుకోవడం తప్పనిసరి. లెక్క వేసుకునే పద్ధతి మాత్రం మారదు.

వేగం లెక్క.. బిట్టుకూ బైటుకూ తేడా

ప్రకటనల్లో కనిపించే ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లని అర్థం. ఫోనులో ఫైలు పరిమాణం చూపించే ఎంబీ అంటే మెగాబైటు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి 30 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సెకనుకు దిగేది 30 ఎంబీ కాదు, నాలుగు ఎంబీకి కొంచెం తక్కువ. ఒక జీబీ ఫైలు దిగడానికి సుమారు నాలుగున్నర నిమిషాలు పడుతుంది. ఈ తేడా తెలియక తమకు మోసం జరిగిందని భావించేవారు కొందరైతే, తెలియకనే అక్కరలేని వేగానికి డబ్బు కట్టేవారు మరికొందరు.

టీవీలో హెచ్‌డీ సినిమాకు సెకనుకు 5 మెగాబిట్లు సరిపోతాయి. అత్యధిక స్పష్టత గల 4కే చిత్రానికి 15 నుంచి 25 వరకు కావాలి. వీడియో సమావేశానికి, ఆన్‌లైన్ తరగతికి 3 నుంచి 4 చాలు. గల్ఫ్ దేశాల్లో ఉన్నవారితో వీడియో కాల్‌కు అంతకన్నా తక్కువే పడుతుంది. పత్రిక చదవడానికి, బ్యాంకు పనులకు, దరఖాస్తులకు అవసరమయ్యే వేగం నామమాత్రం.

అంటే ఒక ఇంట్లో ఒకే సమయంలో హాల్లో టీవీ నడుస్తూ, ఒక గదిలో విద్యార్థి తరగతి వింటూ, మరో గదిలో ఉద్యోగి సమావేశంలో ఉంటూ, ఇద్దరు ఫోన్లు చూస్తున్నా ఇరవై ఎంబీపీఎస్ దగ్గరే లెక్క తేలుతుంది. 30 నుంచి 40 ఎంబీపీఎస్ పథకం నలుగురైదుగురున్న కుటుంబానికి నిశ్చింతగా సరిపోతుంది. వంద ఎంబీపీఎస్ అవసరమయ్యేది రెండు మూడు 4కే టీవీలున్న ఇంటికి, తరచూ భారీ ఫైళ్లు పంపే వీడియో ఎడిటింగ్ వంటి పనులు చేసేవారికి మాత్రమే.

ఇక్కడ గమనించవలసిన మరో అంశం అప్‌లోడ్ వేగం. దింపుకునే వేగాన్ని పెద్ద అక్షరాల్లో వేసి, ఎక్కించే వేగాన్ని చెప్పని పథకాలూ ఉంటాయి. సినిమాలు చూసేవారికి దానితో పని లేదు. ఇంటి నుంచి పనిచేసేవారికి, పెళ్లి ఫొటోలు, వీడియోలు పంపే స్టూడియోల వారికి, రొయ్యల చెరువుల మీద కెమెరాలు పెట్టుకున్న రైతులకు అదే ముఖ్యం. కనెక్షన్ ఇచ్చేవారిని ఆ ఒక్క మాట అడిగి రాయించుకోవడం మంచిది.

నెలకు ఎన్ని జీబీలు?

అపరిమితం అని రాసి ఉన్నా చాలా పథకాలకు ఒక హద్దు ఉంటుంది. 2020లో వచ్చిన పైన చెప్పిన ఫైబర్ పథకాల్లో అది నెలకు 3,300 జీబీ. అంతకన్నా చౌకగా దొరికే కొన్ని పథకాల్లో, టవర్ నుంచి గాలిలో సిగ్నల్ అందుకునే ఎయిర్‌ఫైబర్ పథకాల్లో 1,000 జీబీ దగ్గరే హద్దు పెట్టారు. హద్దు దాటాక నెట్ ఆగిపోదు గాని, వేగం బాగా పడిపోతుంది. అదనపు బిల్లు రాకపోవడం పాత రోజులతో పోల్చితే ఊరట.

ఈ హద్దులు సామాన్య కుటుంబానికి అడ్డు వస్తాయా? ఉదాహరణకు రోజుకు నాలుగు గంటలు టీవీలో హెచ్‌డీ కార్యక్రమాలు చూసే ఇంటిని తీసుకుందాం. గంటకు రెండుంపావు జీబీ చొప్పున రోజుకు 9, నెలకు 270 జీబీ. విద్యార్థి రోజుకు రెండు గంటలు తరగతులు వింటే నెలకు సుమారు 80. మూడు ఫోన్లకు రోజుకు ఒకటిన్నర జీబీ చొప్పున నెలకు 135. అన్నీ కలిపితే 485 జీబీ. వెయ్యి జీబీలో సగం కూడా దాటలేదు. ఇక 3,300 జీబీ అంటే రోజుకు 110 జీబీ. దాన్ని ఖర్చు చేయడమే కష్టం.

మినహాయింపు కెమెరాలది. రెండు ఎంబీపీఎస్ నాణ్యతతో ఒక్క కెమెరా దృశ్యాన్ని రాత్రింబవళ్లు ఆన్‌లైన్‌లో భద్రపరిస్తే రోజుకు 21 జీబీకి పైగా, నెలకు దాదాపు 650 జీబీ ఖర్చవుతుంది. నాలుగు కెమెరాలుంటే 2,600 జీబీ దాకా వెళుతుంది. రికార్డింగ్‌ను ఇంట్లోని పెట్టెలోనే దాచుకుని, కావలసినప్పుడు మాత్రమే ఫోనులో చూసుకుంటే ఈ వ్యయం నామమాత్రమవుతుంది. చెరువు గట్టున కనెక్షన్ పెట్టించుకునే ఆక్వా రైతులు ఈ లెక్క ముందుగా చూసుకోవాలి.

బోర్డు మీది ధర.. చేతి నుంచి పోయే ధర

ప్రకటనలో కనిపించే ధరకు 18 శాతం జీఎస్టీ అదనం. రూ.399 పథకం చేతికొచ్చేసరికి రూ.470.82 అవుతుంది. రూ.449 పథకం రూ.529.82, రూ.499 పథకం రూ.588.82 అవుతాయి. ఏడాదికి చూస్తే మొదటి పథకానికి రూ.5,650 పడుతుంది. దీనికి తోడు బిగింపు ఖర్చు, రూటర్ డిపాజిట్, తీగ పొడవు ఎక్కువైతే అదనపు రుసుము అడిగేవారున్నారు. రూటర్ ఉచితమంటే దాని అర్థం సొంతమని కాదు. కనెక్షన్ మానేసిన రోజున తిరిగి ఇవ్వవలసినదే, లేకుంటే డిపాజిట్ రాదు. కాబట్టి రూటర్ ఎవరిది, డిపాజిట్ ఎంత, ఎప్పుడు వాపసు ఇస్తారన్న మూడూ రసీదు మీద ఉండాలి.

ఆరు నెలలకు, ఏడాదికి ఒకేసారి కడితే బిగింపు ఉచితం, ఒకటి రెండు నెలలు అదనం అన్నది తరచూ కనిపించే ఎర. అనుభవం ఉన్న సంస్థ విషయంలో ఇది లాభమే. కొత్త కనెక్షన్‌కు మాత్రం మొదట ఒక్క నెలే కట్టి చూడడం శ్రేయస్కరం. ఏడాది డబ్బు ముందే చేరిపోయాక లైన్ బాగుచేయించడానికి వినియోగదారుడి చేతిలో మిగిలే ఆయుధం తక్కువ. ఆ నెల రోజుల్లో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య వేగం పరీక్షించాలి. ఊరంతా టీవీల ముందు కూర్చునే సమయమది. మధ్యాహ్నం వచ్చే వేగం చూసి మురిసిపోవడంలో అర్థం లేదు.

సినిమా యాప్‌లు ఉచితమంటూ ఇచ్చే పెద్ద పథకాలదీ ఇదే కథ. ఆ యాప్‌లకు ఇంటివారు ఇప్పటికే విడిగా డబ్బు కడుతుంటే కలిపి తీసుకోవడం ఆదా. ఎన్నడూ చూడని పది యాప్‌ల కోసం నెలకు మూడు నాలుగు వందలు అదనంగా కట్టడం దండుగ.

ఫోను రీచార్జితో పోల్చితే..

ఫోన్లలో నెట్ ఉండగా ఇంటికి వేరే కనెక్షన్ ఎందుకన్నది సహజమైన సందేహం. దీనికీ లెక్క ఉంది. 2024 జులై 3న మొబైల్ ధరలు పెరిగినప్పుడు, రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల పథకం జియోలో రూ.299కి, ఎయిర్‌టెల్‌లో రూ.349కి చేరింది. రూ.299 చొప్పున ఏడాదికి పదమూడు రీచార్జిలు వేసుకుంటే ఒక్క ఫోనుకు రూ.3,887 అవుతుంది. నలుగురున్న ఇంటికి రూ.15,548.

అందులో ఇద్దరు ఎక్కువ సమయం ఇంటిపట్టునే ఉంటారనుకుందాం. వారికి ఇంట్లో వైఫై ఉంటే ఫోనులో డేటాతో పని లేదు. డేటా అక్కర్లేనివారికి కేవలం మాటలు, సందేశాల పథకాలు విడిగా ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. దాంతో 2025 జనవరిలో జియో రూ.448కి, ఎయిర్‌టెల్ రూ.469కి 84 రోజుల గడువుతో అటువంటి పథకాలు తెచ్చాయి. రూ.448 చొప్పున చూస్తే ఇద్దరికి ఏడాదికి రూ.3,883. బయట తిరిగే మిగతా ఇద్దరికి పాత పథకమే ఉంచితే రూ.7,774. ఇంటి ఫైబర్‌కు రూ.5,650. మొత్తం రూ.17,307.

అంటే అదనంగా పడే భారం ఏడాదికి రూ.1,759, నెలకు సుమారు రూ.147 మాత్రమే. ఆ మొత్తానికి నెలకు 180 జీబీల ఫోను డేటా స్థానంలో ఇంటిల్లిపాదికీ ఆగని నెట్ అందుతుంది. అయితే చాలా ఇళ్లలో జరుగుతున్నది వేరు. ఇంటికి ఫైబర్ పెట్టించుకుని, ఫోన్ల రీచార్జి మాత్రం పాతవాటినే కొనసాగిస్తున్నారు. ఒకే అవసరానికి రెండుచోట్ల చెల్లిస్తున్నామన్న స్పృహ ఉండడం లేదు. ఫైబర్ ఖరీదనిపించడానికి అసలు కారణం ఇదే.

అలాగని అందరికీ ఇంటి కనెక్షన్ అవసరం లేదు. పిల్లలు దూరాన స్థిరపడి, ఇంట్లో వృద్ధ దంపతులు మాత్రమే ఉంటూ, రోజుకు ఒకసారి వీడియో కాల్ మాట్లాడుకునే ఇంటికి ఫోను డేటాయే చాలు. పిల్లలు పండుగకు వచ్చే పది రోజుల కోసం ఏడాది పొడవునా బిల్లు కట్టడం కన్నా, ఆ పది రోజులకు అదనపు డేటా వేయించుకోవడం చవక.

సంస్థ పేరు కాదు.. తీగ ఎవరి చేతిలో ఉంది?

పట్టణంలో ఉన్నవారికి సంస్థ పేరు చూసి ఎంచుకునే వీలుంది. పల్లెలో అలా కాదు. ఇక్కడ ఫైబర్ సేవలు చాలావరకు స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారానో, భాగస్వాముల ద్వారానో ఇళ్లకు చేరుతున్నాయి. బీఎస్‌ఎన్‌ఎల్ సైతం పలుచోట్ల స్థానిక భాగస్వాములతో ఆదాయం పంచుకునే పద్ధతిలో ఫైబర్ ఇస్తోంది. ఒకే సంస్థ కనెక్షన్ ఒక ఊళ్లో అద్భుతంగా, పక్క ఊళ్లో అధ్వానంగా ఉండడానికి కారణం ఇదే. తెగిన తీగను అతికే యంత్రం, అతికే మనిషి ఎంత దూరంలో ఉన్నారన్నదే నాణ్యతను నిర్ణయిస్తోంది.

స్థానిక ఆపరేటర్‌తో ఉన్న మేలు అందుబాటు. పిలిస్తే పలుకుతాడు, సాయంత్రానికి వస్తాడు. లోపం ఏమిటంటే అతనికి పైనుంచి వచ్చే ప్రధాన లైన్ ఒక్కటే అయితే, అది తెగిన రోజున ఊరంతటికీ నెట్ ఉండదు. కనెక్షన్లు పెరిగినకొద్దీ పై సంస్థ నుంచి తీసుకునే సామర్థ్యం పెంచకపోతే, రాత్రివేళ వేగం పడిపోతుంది. పెద్ద సంస్థలకు ఈ ఇబ్బంది తక్కువ. అయితే మనిషి రావడానికి కాల్‌సెంటర్, ఫిర్యాదు నంబరు, పట్టణం నుంచి ప్రయాణం అన్నీ జరగాలి.

2023లో వచ్చిన ఎయిర్‌ఫైబర్‌కు వీధి తీగతో పని లేదు. డాబా మీద పెట్టిన పరికరం 5జీ టవర్ నుంచి సిగ్నల్ అందుకుంటుంది. తీగ రాని శివారు ఇళ్లకు ఇది వరమే. అయితే టవర్‌కూ ఇంటికీ మధ్య అడ్డు ఉండకూడదు. దట్టమైన కొబ్బరి తోటల మధ్య ఉన్న ఇళ్లలో ఆకులే సిగ్నల్‌ను బలహీనపరుస్తాయి. బిగించే ముందు డాబా మీద సిగ్నల్ పరీక్షించి చూపమనడం వినియోగదారుడి హక్కుగా భావించాలి.

కోనసీమ వంటి తీర ప్రాంతంలో తుపాను లెక్క కూడా వేసుకోవలసిందే. 1996 నవంబరు తుపాను ఇక్కడి కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలోనే తీరం దాటింది. స్తంభాల మీదుగా వెళ్లే తీగ చవకే. కానీ చెట్టు కూలినా, స్తంభం ఒరిగినా మొదట తెగేదీ అదే. కరెంటు పోయినప్పుడు మరో చిక్కు. ఫైబర్ తీగకు కరెంటు అక్కర్లేకపోయినా ఇంట్లోని పెట్టెకు కావాలి. ఇన్వర్టర్ లేనివారు రూటర్‌కు సరిపడే చిన్న బ్యాటరీ యూపీఎస్ పెట్టుకుంటే కొన్ని గంటలు గడుస్తుంది. ఆపరేటర్ వద్ద కూడా బ్యాటరీ ఏర్పాటు ఉంటేనే దాని ప్రయోజనం. ఆ విషయం ముందే అడగాలి.

చవకదనం అసలు కొలత

నెలకు రూ.400 తీసుకునే కనెక్షన్ ఐదు రోజులు పనిచేయలేదనుకుందాం. పనిచేసిన 25 రోజులకు చూస్తే రోజుకు రూ.16 పడింది. నెలకు రూ.470 తీసుకుని ముప్పై రోజులూ నడిచిన కనెక్షన్‌కు రోజుకు పడింది రూ.15.67. కాగితం మీద డెబ్బై రూపాయలు చవకైనది ఆచరణలో ఖరీదైనది. పనిచేయని ఐదు రోజులకు ఫోనులో వేయించుకున్న అదనపు డేటా ఖర్చు, తప్పిపోయిన తరగతి, పోయిన పనిదినం ఇందులో చేరలేదు. కాబట్టి పల్లెలో బ్రాడ్‌బ్యాండ్‌ను కొలవవలసింది నెలకు ఎన్ని రూపాయలన్న దానితో కాదు, నెలలో ఎన్ని రోజులు నడిచిందన్న దానితో.

అన్ని లోపాలూ సంస్థవి కావన్నదీ గుర్తించాలి. ఇంట్లో వేగం రాకపోవడానికి రూటర్‌ను బీరువా వెనుకనో, గోడ మూలనో పెట్టడం తరచూ కారణమవుతోంది. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దూరం వెళుతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగవంతం, కానీ గోడలు దాటేసరికి బాగా బలహీనపడుతుంది. వంద ఎంబీపీఎస్ పథకం తీసుకుని పాత రూటర్ వాడితే ఆ వేగం ఫోనుకు చేరదు. ఫిర్యాదు చేసే ముందు రూటర్‌కు కంప్యూటర్‌ను తీగతో కలిపి వేగం చూస్తే తప్పు ఎవరిదో తేలిపోతుంది.

హక్కులు కాగితం మీదే మిగలరాదు

లైన్ చెడితే వినియోగదారుడు చేతులు ముడుచుకు కూర్చోనవసరం లేదు. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ సేవా ప్రమాణాల నిబంధనల ప్రకారం, సంస్థ వైపు లోపాన్ని మూడు రోజులు దాటినా సరిచేయకపోతే బిల్లులో తగ్గింపు, ముందుగా చెల్లించినవారికి గడువు పొడిగింపు ఇవ్వాలి. అడిగేవారు లేక ఈ సదుపాయం చాలామందికి అందడం లేదు.

దీనికి మొదటి మెట్టు ఫిర్యాదు నంబరు. లైన్‌మన్‌కు ఫోన్ చేసి చెప్పడం మర్యాదే గాని, అది ఫిర్యాదు కాదు. సంస్థ కాల్‌సెంటర్‌లో నమోదు చేయించి డాకెట్ నంబరు రాసి ఉంచుకోవాలి. పరిష్కారం సంతృప్తికరంగా లేకుంటే 30 రోజుల్లోగా అదే సంస్థలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. అక్కడ 39 రోజుల్లో తేల్చాలన్నది 2012 నాటి నిబంధన. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. టెలికాం వివాదాలను వినియోగదారుల కమిషన్లు విచారించవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపున్న కేసులకు జిల్లా కమిషన్‌లో రుసుము కూడా లేదు.

అయితే ఈ దారులన్నీ తెరుచుకోవడానికి తాళం చెవి ఒక్కటే. అది రసీదు. నెల నెలా చేతికి డబ్బు ఇచ్చి, పుస్తకంలో టిక్కు పెట్టించుకుని వచ్చేయడం పల్లెల్లో అలవాటు. లైసెన్సు ఉన్న సంస్థ పేరు మీద, జీఎస్టీ నంబరుతో బిల్లు లేకపోతే, రేపు కనెక్షన్ ఉన్నట్టు రుజువు చేయడమే కష్టం.

ఎవరికి ఏది?

మొత్తం మీద చూస్తే లెక్క ఇలా తేలుతుంది. ఇద్దరే ఉండి కాల్స్‌కు, వార్తలకు వాడుకునే ఇంటికి ఫోను డేటా సరిపోతుంది. చదువుకునే పిల్లలు, టీవీ ఉన్న నలుగురి కుటుంబానికి 30 ఎంబీపీఎస్ ఫైబర్ చాలు, దానితోపాటు ఇంటిపట్టున ఉండేవారి ఫోన్లకు మాటల పథకం వేసుకోవాలి. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారు వేగం కన్నా ముందు మరమ్మతు చూడాలి. ఒక లైన్ తెగినా పని ఆగకుండా మరో సంస్థ సిమ్‌తో ఫోను డేటా సిద్ధంగా ఉంచుకోవాలి. ఇంటి ఫైబరూ, ఫోనూ ఒకే సంస్థవైతే రెండూ ఒకేసారి ఆగే ప్రమాదం ఉంది. కెమెరాలున్న రైతులు అప్‌లోడ్ వేగం, నెలవారీ హద్దు చూడాలి. తీగ రాని శివారువారు సిగ్నల్ పరీక్షించాకే ఎయిర్‌ఫైబర్ వైపు మొగ్గాలి.

కొత్త కనెక్షన్ తీసుకునేవారు ప్రకటన చదవడానికి ముందు అదే వీధిలో, అదే తీగ మీద ఉన్న రెండు ఇళ్లకు వెళ్లి రెండు ప్రశ్నలు అడగడం మంచిది. క్రితం నెలలో ఎన్ని రోజులు ఆగింది? ఆగినప్పుడు ఎన్ని గంటలకు మనిషి వచ్చాడు? ఈ రెండింటికి వచ్చే సమాధానం ఏ ధరల పట్టికలోనూ దొరకదు.

మోరిలో తొలి తీగ వెలిగిన నాడు నెట్ రావడమే విశేషం. నేడు అది కరెంటు, మంచినీళ్ల సరసన చేరింది. గడువు ముగిసే రోజున విద్యార్థి దరఖాస్తు చేరాలన్నా, మస్కట్‌లో ఉన్న తల్లి ముఖాన్ని బిడ్డ సాయంత్రం చూడాలన్నా కావలసింది వందల ఎంబీపీఎస్ కాదు. ఆ వేళకు తెగకుండా ఉండే ఒక్క తీగ. దాన్ని ఎంచుకునే బాధ్యత వినియోగదారుడిది. దాన్ని నిలబెట్టవలసిన బాధ్యత డబ్బు తీసుకున్నవారిది.